మద్రాసు పోర్టు గుమాస్తా దరఖాస్తు

విదేశాల్లో చదవడానికి స్కాలర్‌షిప్ అప్లికేషన్ ఎలా తయారుచేసుకోవాలో మన పిల్లల కోసం రాయమని సంచిక సంపాదకవర్గం అడిగింది. కొన్నేళ్లుగా మన బడిలో చదివిన పిల్లల అప్లికేషన్లు నా దగ్గరికి వస్తున్నాయి, చదివి నాకు తోచింది చెబుతున్నాను కాబట్టి ఈ పని నాకు అప్పగించారు. ఏ దేశానికి ఏ నెలలో ఏ కాగితాలు పంపాలన్నది ఏటా మారుతుంది. ఈ సంచిక మాత్రం చాలా ఇళ్లలో బీరువాల్లో ఉండిపోయేది. అందుకని తేదీలూ ఫారాలూ పక్కనపెట్టి, నూరేళ్ల కిందట నెగ్గిన ఒక అప్లికేషన్ కథ చెబుతాను. పెట్టుకున్నది శ్రీనివాస రామానుజన్.

ఆయన పేరు తెలియనివారు మన బడిలో ఉండరు. డిసెంబరు 22న గణిత దినోత్సవం జరుపుతున్నాం, ఫొటోకు దండ వేస్తున్నాం. ఆ రోజు పిల్లల ఉపన్యాసాల్లో కథ రెండు వాక్యాల్లో అయిపోతుంది. మద్రాసులో గుమాస్తాగా ఉన్న రామానుజన్ కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాశారు, హార్డీ ఆయన గొప్పతనం గుర్తించి పిలిపించుకున్నారు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ ఉత్తరం మీద తేదీ 1913 జనవరి 16. ఆయన ఓడ ఎక్కింది 1914 మార్చి 17న. మధ్యలో పద్నాలుగు నెలలున్నాయి. ఉత్తరానికి ముందు ఇంకో మూడేళ్లున్నాయి. స్కాలర్‌షిప్ ఆ నాలుగేళ్లలో తయారైంది. నేను చెప్పదలచుకున్నది ఆ నాలుగేళ్ల సంగతే.

రామానుజన్ 1887లో ఈరోడులో అమ్మమ్మగారింట పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేవారు. బడిలో ఉండగా లెక్కల్లో బహుమతులన్నీ ఆయనవే. పదిహేనో పదహారో ఏట కార్ అనే ఆయన రాసిన ఒక లెక్కల పుస్తకం చేతికొచ్చింది. పరీక్షలకు చదివేవాళ్ల కోసం వేలకొద్దీ ఫలితాలను వరసగా పేర్చిన పుస్తకం అది. నిరూపణలు దాదాపుగా ఉండవు. ఆ ఫలితాలను తనంతట తాను రుజువు చేసుకుంటూ, వాటిని దాటి కొత్తవి కనిపెడుతూ పోయారు. ఇక మిగతా సబ్జెక్టులు ఆయనకు కంటికి కనబడలేదు.

మెట్రిక్యులేషన్ తరువాత కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్ వచ్చింది. ఇంగ్లీషులో తప్పడంతో అది పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా రైలెక్కి ఆయన వెళ్లింది ఎక్కడికో తెలుసా? మన విశాఖపట్నానికి. కొన్నాళ్ల తరువాత ఇంటికి చేరారు. మద్రాసు పచ్చయప్ప కాలేజీలో మళ్లీ చేరారు. 1906లో ఒకసారి, 1907లో మరోసారి ఎఫ్.ఏ. పరీక్ష తప్పారు. దాంతో కాలేజీ చదువు ముగిసింది. చేతిలో డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, 1909లో పెళ్లయింది. ఉన్నదల్లా నోటుబుక్కులు.

ఆ నోటుబుక్కుల గురించి ఒక మాట. కాగితం ఖరీదు కాబట్టి ఆయన లెక్క చేసేది పలక మీద. తుడిచేది మోచేత్తో. చివరికి తేలిన ఫలితం మాత్రమే నోటుబుక్కులోకి ఎక్కేది. అందుకే వాటిలో నిరూపణలు కనబడవు. వాటిని చూసినవాళ్లకు మొదట కలిగిన అనుమానాలకు సగం కారణం ఇదే.

1910లో ఆ నోటుబుక్కులు చంకలో పెట్టుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు. మొదట తిరుక్కోయిలూరులో డిప్యూటీ కలెక్టరుగా ఉన్న రామస్వామి అయ్యర్ దగ్గరికి వెళ్లారు. ఆయన అంతకు మూడేళ్ల కిందటే దేశంలో గణిత సంఘం స్థాపించినవారు. రామానుజన్ అడిగింది తాలూకా ఆఫీసులో ఒక చిన్న గుమాస్తా పని. నోటుబుక్కు తిరగేసిన రామస్వామి అయ్యర్ ఆ పని ఇవ్వలేదు. ఈ మనిషిని రెవెన్యూ ఆఫీసు అడుగుమెట్టు మీద కూర్చోబెట్టడానికి ఆయనకు మనసొప్పలేదు. దాని బదులు మద్రాసులోని గణితం తెలిసిన మిత్రులకు పరిచయ ఉత్తరాలిచ్చి పంపారు. ఉద్యోగం అడిగితే ఉత్తరం ఇచ్చి పంపితే మనకు కోపం వస్తుంది. కానీ ఈ కథలో ఒకరి నుంచి ఒకరికి మొదలైన గొలుసు ఆ ఉత్తరాలతోనే మొదలైంది.

ఆ గొలుసు నెల్లూరుకు చేరింది. నెల్లూరు జిల్లా కలెక్టరు దివాన్ బహదూర్ ఆర్. రామచంద్రరావు. గణిత సంఘంలో ముఖ్యుడు. ఆయన మొదట నమ్మలేదు. ఒకటికి రెండుసార్లు తిప్పి పంపారు. రామానుజన్ మిత్రుడొకరు పట్టుబట్టి మళ్లీ తీసుకువెళ్లారు. అప్పుడు రామానుజన్ చేసిన పని గమనించదగ్గది. పెద్ద ఫలితాలతో మొదలుపెట్టలేదు. ముందు సులువైనవి కొన్ని చూపించారు. అవే ఉన్న పుస్తకాలను దాటి ఉండడంతో రామచంద్రరావు గారికి ఈయన సామాన్యుడు కాదని అర్థమైంది. ఆ తరువాత ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ, ఎలిప్టిక్ ఇంటిగ్రల్స్ దాకా, చివరకు ప్రపంచానికి ఇంకా తెలియని డైవర్జెంట్ సిరీస్ దాకా తీసుకెళ్లారు. ఏం కావాలని అడిగితే, పరిశోధన చేసుకోవడానికి పూట గడిచేంత చాలన్నారు.

నా దగ్గరకు వచ్చే అప్లికేషన్లలో మొదటి పేరాలోనే చిన్నప్పటి నుంచి ప్రపంచాన్ని మార్చాలన్న తపన ఉంటుంది. చేసిన పని నాలుగో పేరాలో ఒక వాక్యంగా ఉంటుంది. కన్సల్టెన్సీ వాళ్లు ఒకే అచ్చులో పోసి ఇస్తారు కాబట్టి పిల్లల్ని అనడానికి లేదు. కలెక్టరు బంగళాలో రామానుజన్ పాటించిన వరస మాత్రం వాళ్లకు చెబుతుంటాను. అవతలి మనిషి అర్థం చేసుకోగలిగిన చోట మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా ఎక్కించడం.

రామచంద్రరావు నెలకు పాతిక రూపాయలు సొంత డబ్బు ఇచ్చారు. ఆయనకు స్కాలర్‌షిప్ ఇప్పించాలని కూడా చూశారు, కుదరలేదు. ఒకరి మీద ఆధారపడి బతకడం రామానుజన్‌కు నచ్చలేదు. 1912 ఫిబ్రవరి 9న ట్రిప్లికేన్‌లోని ఇంటి నుంచి మద్రాసు పోర్ట్ ట్రస్టుకు ఉద్యోగం కోసం దరఖాస్తు పంపారు. అది చాలా చిన్న దరఖాస్తు. మెట్రిక్యులేషన్ ప్యాసయ్యాను, ఎఫ్.ఏ. దాకా చదివాను, పరిస్థితులు కలిసిరాక ఆపేశాను, అప్పటి నుంచి నా కాలమంతా గణితానికే పెట్టాను అన్నది దాని సారం. తప్పిన పరీక్షల మీద సాకులు రాయలేదు, ఏడుపూ లేదు. దానితోపాటు ప్రెసిడెన్సీ కాలేజీ గణిత ప్రొఫెసరు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫారసు జతపరిచారు. మార్చి 1న ఉద్యోగంలో చేరారు. జీతం నెలకు పాతికా ముప్పై రూపాయలు.

ఇక్కడి నుంచి కథలోకి మా వృత్తివాళ్లు వస్తారు.

పోర్ట్ ట్రస్టు చైర్మన్ సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగ్. మనలో చాలామంది చిన్నప్పుడు రైల్లో దాటిన రాజమండ్రి పాత గోదావరి వంతెన 1900లో తెరిచారు. అప్పట్లో గోదావరి మీద రైలు దారి వేయడంలో ముఖ్యపాత్ర ఆయనది. నది పక్కదారి పట్టకుండా వంతెన కిందికి మళ్లించడానికి కట్టే గైడ్ బండ్ల మీద 1903లో ఆయన రాసిన గ్రంథం ఇప్పటికీ నదుల మీద పనిచేసే మా ఇంజనీర్లకు తెలిసిన పేరే. నీటిపారుదల శాఖలో చేరిన కొత్తలో ఆ గ్రంథం పేరు విన్నాను. దాన్ని రాసిన మనిషే రామానుజన్ పై అధికారి అని తెలిసింది చాలా ఏళ్ల తరువాత. అది తెలిశాకే ఈ కథను మళ్లీ మొదటి నుంచి చదివాను.

స్ప్రింగ్‌కు గణితం లోతుగా రాదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఆయన కింద చీఫ్ అకౌంటెంట్‌గా ఉన్న నారాయణ అయ్యర్‌కు వచ్చు. సాయంత్రాలు నారాయణ అయ్యర్ ఇంట్లో ఇద్దరూ చెరో పలక పట్టుకుని కూర్చునేవారు. రామానుజన్ రెండు అడుగుల్లో ముగించేదాన్ని తాను అందుకోలేకపోతున్నానని, తనకే అర్థం కాకపోతే మిగతావాళ్ల గతేమిటని, మధ్యలో పది అడుగులైనా రాయమని నారాయణ అయ్యర్ పోరుపెట్టేవారు. రామానుజన్‌కు దొరికిన సహాయాల్లో నేను చాలా పెద్దదిగా లెక్కించేది ఇదే. డబ్బు ఇచ్చినవారున్నారు, సిఫారసు చేసినవారున్నారు. రాసింది ఇతరులకు అర్థమయ్యేలా తిరగరాయించినది ఈయన.

ఇంకో ఇంజనీరు గ్రిఫిత్. మద్రాసు ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ ప్రొఫెసరు. 1912 నవంబరులో స్ప్రింగ్‌కు ఉత్తరం రాసి, మీ ఆఫీసులో అసాధారణ గణితజ్ఞుడొకరున్నాడు, లండన్ నుంచి అభిప్రాయం వచ్చేదాకా అతనికి ఇబ్బంది లేకుండా చూడమని కోరారు. లండన్‌లోని తన పాత గురువు ప్రొఫెసర్ హిల్‌కు రామానుజన్ ఫలితాలు కొన్ని పంపారు. హిల్ శ్రద్ధగానే జవాబిచ్చారు కానీ మెచ్చుకోలేదు. 1, 2, 3 అంటూ అంతులేకుండా కూడుతూపోతే మైనస్ పన్నెండో వంతు వస్తుందని రాసి ఉంటే ఎవరు మాత్రం నమ్ముతారు! డైవర్జెంట్ సిరీస్ గోతుల్లో పడ్డాడని, ఫలానా పుస్తకం చదువుకోమని సలహా ఇచ్చారు. దానికొక ప్రత్యేకమైన అర్థంలో ఆ ఫలితం సరైనదే. ఆ అర్థమేమిటో రామానుజన్ వివరించలేదు, అంతే. పలక మీద తుడిచేసిన అడుగుల ఖరీదు ఇక్కడ తెలిసింది.

తరువాత కేంబ్రిడ్జికి సొంతంగా రాయడం మొదలుపెట్టారు. బేకర్‌కు రాశారు, హాబ్సన్‌కు రాశారు. ఇద్దరూ పేరుమోసిన గణితజ్ఞులు. ఆ ఇద్దరి నుంచీ సహాయం అందలేదు. మూడోది హార్డీకి రాసిన ఉత్తరం.

హార్డీనే ఎందుకు అన్నదానికి సమాధానం ఉత్తరంలోనే ఉంది. హార్డీ అప్పటికి రాసిన ఒక చిన్న పుస్తకాన్ని రామానుజన్ చదివారు. ఒక సంఖ్య లోపల ఎన్ని ప్రధాన సంఖ్యలుంటాయో కచ్చితంగా చెప్పే సూత్రం ఇంకా దొరకలేదని అందులో ఉంది. అది తనకు దొరికిందని రామానుజన్ రాశారు. అంటే ఊరికే ఒక పెద్దమనిషికి అర్జీ పంపలేదు. ఆ మనిషి రాసింది చదివి, ఆయన వదిలిన ప్రశ్నను పట్టుకుని రాశారు. ఇందులో తమాషా ఏమిటంటే ఆ సూత్రం తప్పు. ప్రధాన సంఖ్యల విషయంలో రామానుజన్ చెప్పుకున్నంత కచ్చితత్వం దానికి లేదని హార్డీ, లిటిల్‌వుడ్ తరువాత తేల్చారు. వయసు కూడా ఇరవై మూడని రాశారు, అప్పటికి ఇరవై అయిదు నిండాయి. నిరూపణలు లేవు. తనకు యూనివర్సిటీ చదువు లేదని, పోర్ట్ ట్రస్టు అకౌంట్స్‌లో గుమాస్తానని, జీతం ఏడాదికి ఇరవై పౌన్లేనని, తాను పేదవాడినని మొదటే చెప్పేశారు. తరువాత పేజీల నిండా సిద్ధాంతాలు, నూటికి పైగా.

ఇప్పటి కొలతల్లో అది చెడ్డ అప్లికేషన్. అయినా నెగ్గింది. ఆ సిద్ధాంతాల్లో కొన్ని హార్డీకి ముందే తెలిసినవి. కొన్ని కష్టపడితే ఆయనకు రుజువు చేయగలిగినవి. కొన్ని అసలు ఎక్కడి నుంచి వచ్చాయో ఆయనకు ఊహకు అందనివి. ఆ మూడో రకం ఎవరూ కల్పించి రాయగలిగినవి కావని ఆయన నిశ్చయానికి వచ్చారు. ఫిబ్రవరి 8న జవాబు రాస్తూ, నిరూపణలు పంపమని గట్టిగా అడిగారు.

రామానుజన్ ఫిబ్రవరి 27న తిరిగి రాసిన ఉత్తరం నాకు మొదటిదానికంటే ఇష్టం. నిరూపణలు మళ్లీ దాటవేశారు. లండన్ ప్రొఫెసరు చెప్పిన గోతుల సంగతి చెప్పి, పద్ధతి ముందే బయటపెడితే మీరూ అలాగే అనుకుంటారేమోనని సందేహపడ్డారు. తరువాత తనకు కావలసింది సూటిగా అడిగారు. తాను ఇప్పటికే అర్ధాకలితో ఉన్నానని, మెదడు పనిచేయాలంటే తిండి కావాలని, మీరు సానుభూతితో ఒక ఉత్తరం రాస్తే ఇక్కడ యూనివర్సిటీ నుంచో ప్రభుత్వం నుంచో స్కాలర్‌షిప్ దొరకడానికి పనికొస్తుందని. హార్డీని డబ్బు అడగలేదు. మద్రాసులో చెల్లుబాటయ్యే కాగితం అడిగారు. ఏ కాగితం ఏ ఆఫీసులో ఏ తలుపు తీస్తుందో గుమాస్తా పని చేసినవాడికి తెలుస్తుంది.

అదే వారంలో మద్రాసులో ఇంకొకటి జరిగింది. వాతావరణ శాఖ అధిపతి గిల్బర్ట్ వాకర్ పోర్టుకు వచ్చారు. ఆయన కేంబ్రిడ్జి గణితంలో సీనియర్ రాంగ్లర్. స్ప్రింగ్ ఆయన ముందు రామానుజన్ పని పెట్టారు. ఫిబ్రవరి 26న వాకర్ యూనివర్సిటీ రిజిస్ట్రార్ డ్యూస్‌బరీకి ఉత్తరం రాశారు. ఇతని పని కేంబ్రిడ్జి కాలేజీ ఫెలో స్థాయిలో ఉన్నట్టుందని, కొన్నేళ్లు జీవనోపాధి చింత లేకుండా చూడడం యూనివర్సిటీకి తగిన పని అని దాని తాత్పర్యం. తన ప్రత్యేక విషయాలు వేరని, ఫలితాల కచ్చితత్వం మీద తుది మాట చెప్పలేనని కూడా అందులోనే ఒప్పుకున్నారు. నాకు తెలిసినంత మట్టుకు నేను చెబుతున్నాను అని హద్దు గీసుకున్న సిఫారసుకు బరువెక్కువ. మన ఉపాధ్యాయ మిత్రులు ఇది గమనించాలని మనవి. తరగతిలో మొదటివాడు, వినయశీలి, సర్వగుణ సంపన్నుడు అని రాసే ఉత్తరాలు నేను చాలా చూశాను. పిల్లవాడు ఒక రోజు ల్యాబులో ఏం చేశాడో రాసిన ఉత్తరాలు చాలా తక్కువ చూశాను.

మార్చి 19న యూనివర్సిటీ గణిత పాఠ్యమండలి సమావేశమైంది. అధ్యక్షుడు ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ హనుమంతరావు. రెండేళ్లపాటు నెలకు డెబ్భై అయిదు రూపాయలు ఇవ్వాలని సిఫారసు చేశారు. ఏప్రిల్ 7న సిండికేట్ ముందుకు వచ్చింది. అక్కడ అడ్డు పడింది నిబంధన. డిగ్రీ కూడా లేనివాడికి పరిశోధన స్కాలర్‌షిప్ ఇవ్వడానికి రూల్సులో ఎక్కడా చోటు లేదు. ఆ మాట చెప్పి ఫైలు మూసేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు. ఆఫీసుల్లో ముప్పై ఏళ్లు గడిపినవాణ్ణి, ఆ ఒక్క వాక్యంతో ఎన్ని ఫైళ్లు మూతపడతాయో నాకు తెలుసు. సిండికేట్ ఆ పని చేయలేదు. యూనివర్సిటీని స్థాపించిన చట్టాన్నీ, 1904 యూనివర్సిటీల చట్టాన్నీ తిరగేసి, వాటిలోని సెక్షన్ల కింద గవర్నరు ప్రత్యేక అనుమతితో ఇవ్వవచ్చని తీర్మానించింది. అనుమతి వచ్చింది. మే 1 నుంచి రామానుజన్ మద్రాసు యూనివర్సిటీ రీసెర్చ్ స్కాలర్. పోర్ట్ ట్రస్టు రెండేళ్ల సెలవు ఇచ్చింది. మూడు నెలలకొకసారి పనిమీద నివేదిక ఇవ్వాలన్నది షరతు. ఆయన ఇచ్చారు, మొదటిది ఆగస్టు 5న.

ఇక సముద్ర ప్రయాణం. హార్డీ మొదటి ఉత్తరం చూసిన వెంటనే లండన్‌లోని ఇండియా ఆఫీసుకు చెప్పి ఆయన్ని రప్పించాలని చూశారు. మద్రాసులోని అధికారి పిలిచి అడిగితే రామానుజన్ రానన్నారు. సముద్రం దాటితే కులం పోతుందన్న రోజులు, తల్లి ఒప్పుకోదు. పిలుపు వచ్చాక కూడా ఏడాది పట్టింది.

1914 జనవరిలో హార్డీ సహచరుడు నెవిల్ ఉపన్యాసాలివ్వడానికి మద్రాసు వచ్చారు. రామానుజన్ నోటుబుక్కులు చూసి నివ్వెరపోయారు. వస్తారా అని అడిగితే, ఈసారి రామానుజన్ వస్తానన్నారు. తల్లికి కలలో నామగిరి అమ్మవారు అనుమతి ఇచ్చిందన్న కథ మీరు వినే ఉంటారు. అది కాక మామూలు సందేహాలు చాలా ఉన్నాయి. ఇంగ్లీషు చాలదేమో, మళ్లీ పరీక్షలు రాయాలేమో, శాకాహారం దొరకదేమో, ఇంట్లోవాళ్లకు గడిచేదెలా అని. నెవిల్ వాటిని కొట్టిపారేయకుండా ఒక్కొక్కటే తీర్చారు. పరీక్షలు ఉండవని మాట ఇచ్చారు. రెండుసార్లు ఎఫ్.ఏ. తప్పిన మనిషికి ఆ మాట ఎంత ఊరటో ఆలోచించండి.

జనవరి 28న నెవిల్ రిజిస్ట్రార్‌కు రాశారు. ప్రెసిడెన్సీ కాలేజీ ప్రొఫెసర్ లిటిల్‌హెయిల్స్ బలపరిచారు. ఫిబ్రవరి 5న స్ప్రింగ్ గవర్నరు ప్రైవేటు సెక్రటరీకి రాసి పై నుంచి ఒక మాట వేయించారు. ఈ ఉత్తరాల వరస చూస్తే మా శాఖలో అంచనాలు మంజూరయ్యే దారి గుర్తొస్తుంది. ఎవరి స్థాయిలో వారు సంతకం పెడితేనే కాగితం కదులుతుంది. కొద్ది వారాల్లో మంజూరైంది. ఏడాదికి 250 పౌన్లు, ముందుగా రెండేళ్లకు. ప్రయాణానికీ బట్టలకూ 100 పౌన్లు వేరుగా. స్కాలర్‌షిప్‌లో ఏడాదికి 50 పౌన్లు కుంభకోణంలో ఇంటివాళ్లకు అందేలా ఏర్పాటు. ఓడలో శాకాహారం పెట్టించమని స్ప్రింగ్ కంపెనీవారికి ఉత్తరం రాశారు. గోదావరి మీద వంతెన వేయించిన మనిషి గుమాస్తా భోజనం గురించి ఉత్తరం రాయడం నాకు మహా బాగా నచ్చింది.

తల్లినీ భార్య జానకినీ ముందే కుంభకోణం పంపేశారు. పిలక తీసేసిన తలతో వాళ్లకు కనబడడం ఆయనకు ఇష్టం లేదు. మార్చి 17న నెవాసా అనే ఓడ ఎక్కి, ఏప్రిల్ 14న లండన్‌లో దిగారు.

ఇంగ్లండులో చేసిన గణితం గురించి చెప్పే అర్హత నాకు లేదు. 1916లో పరిశోధన మీద కేంబ్రిడ్జి బి.ఏ. వచ్చింది. అదే ఆయన మొదటి డిగ్రీ. 1918లో రాయల్ సొసైటీ ఫెలో, తరువాత ట్రినిటీ కాలేజీ ఫెలో. ఈలోగా యుద్ధం, చలి, ఒంటరిగా వండుకునే తిండి. 1917 నుంచి ఎక్కువ కాలం ఆస్పత్రుల్లోనే గడిచింది. ఓడ దాకా భోజనం సంగతి చూసినవారున్నారు. ఆ తరువాత ఐదేళ్లు రోజూ చూసినవారు లేరు. విదేశాలకు వెళ్లే మన పిల్లలతో అప్లికేషన్ గురించి గంట మాట్లాడితే, అక్కడ ఎవరితో కలిసి వండుకుంటావు, జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేస్తావు అని ఇంకో అరగంట మాట్లాడుతున్నాను. వాళ్లు నవ్వుతారు. నవ్వనిస్తాను.

1919 ఏప్రిల్ నుంచి అయిదేళ్లపాటు ఏ షరతులూ లేకుండా ఏడాదికి 250 పౌన్లు ఇవ్వాలని మద్రాసు యూనివర్సిటీ నిర్ణయించింది. కబురు అందాక, 1919 జనవరి 11న, లండన్ పక్కన పుట్నీలో చికిత్స పొందుతూ ఆయన రిజిస్ట్రార్ డ్యూస్‌బరీకి జవాబు రాశారు. ఆ మొత్తం తన అవసరాలకు మించినదని, ఇక్కడి ఖర్చులు పోను తల్లిదండ్రులకు ఏడాదికి 50 పౌన్లు ఇచ్చి, తన ముఖ్య ఖర్చులు కూడా పోగా మిగిలింది చదువుల కోసం వాడాలని కోరారు. ముఖ్యంగా పేద పిల్లల, అనాథల బడి ఫీజులు తగ్గించడానికి, బడులకు పుస్తకాలు కొనడానికి. జబ్బు వల్ల రెండేళ్లుగా అనుకున్నంత గణితం చేయలేకపోయానని, ఇకముందు చేస్తానని కూడా రాశారు. మార్చి 27న బొంబాయిలో దిగారు. 1920 జనవరిలో హార్డీకి కొత్త గణితంతో మరో ఉత్తరం రాశారు. ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశారు. ముప్పై రెండేళ్లు.

ఇదంతా మన సంచికలో రాయడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. మన సంఘం స్కాలర్‌షిప్ నిధికి ఒక నిబంధన ఉంది. ప్రతి సబ్జెక్టులోనూ నూటికి ఎనభై అయిదు, అన్నీ మొదటి ప్రయత్నంలోనే ప్యాసై ఉండాలి. నిధి చిన్నది, అడిగేవాళ్లు ఎక్కువ, ఎక్కడో ఒక చోట గీత గీయాలి. పెట్టినవారి ఇబ్బంది నాకు తెలుసు, వాళ్లు నా మిత్రులే. కానీ ఈ రెండేళ్లలో ఆ గీత దగ్గర ఆగిపోయిన దరఖాస్తులను పక్కన పెట్టి చూశాను. ఒక అమ్మాయి ఇంటర్‌లో ఇంగ్లీషు తప్పి మళ్లీ రాసింది. మెకానిక్ షెడ్డులో తండ్రితో కలిసి తాను బాగుచేసిన మోటార్ల బొమ్మలు, కొలతలు నాలుగు నోటుబుక్కుల్లో రాసుకుంది. ఆ నోటుబుక్కులు చూసే అవకాశమే మన కమిటీకి రాలేదు. ఫారం మొదటి పేజీలోనే ఆగిపోయింది.

ఏటా రెండు స్కాలర్‌షిప్పులు మార్కులతో నిమిత్తం లేకుండా, చేసిన పని చూసి, ఆ విషయం తెలిసిన ఇద్దరి ఉత్తరాలతో ఇవ్వాలని ప్రతిపాదన పెట్టాను. నోటుబుక్కులు చదవడానికి సివిల్ వరకు నేను సిద్ధం. లెక్కలకు, సైన్సుకు, తెలుగుకు, వ్యవసాయానికి చదవగలిగినవారు మన పాత విద్యార్థుల్లోనే ఉన్నారు, ఉపాధ్యాయుల్లో ఉన్నారు. ప్రతిపాదన స్వర్ణోత్సవాల మర్నాడు జరిగే సర్వసభ్య సమావేశం ఎజెండాలో అయిదో అంశం. కాదనేవారు కూడా తప్పక రండి, మాట్లాడుకుందాం. ఆ అమ్మాయి ఒప్పుకుంది కాబట్టి నోటుబుక్కులు ఆ రోజు హెడ్మాస్టరు గారి గదిలో బల్ల మీద ఉంటాయి.